సరోజత్త ఎర్ర ఆట

ముక్కు మీద కళ్ళద్దాలు కాస్త వెచ్చబడేసరికి చీకట్లో ఎర్రటి గీతలు లేస్తాయి. ముందు వల, దాని వెనుక మైదానం, ఆ చివర రాకెట్టు పట్టుకున్న ఎర్ర మనిషి. ఈ వీడియో కళ్ళద్దాలు చేసినవాళ్ళు సినిమాలు చూసుకోమని చేశారు. నేనేమో వాటిలో చిన్ననాటి టెన్నిస్ ఆట పెట్టుకుని, మా బెంగళూరు ఫ్లాటులో సోఫా మీద కూర్చుని, "బంతి ఎడమకి పోతోంది" అని ఒక్కడినే బిగ్గరగా చెబుతుంటాను. మా ఆవిడ మొదట్లో కంగారుపడింది, ఇప్పుడు పట్టించుకోదు. నాకు ఆ అలవాటు అంటించింది ఇదే ఊరి కాటన్‌పేటలో, చిన్నప్పటి మా పక్కింటి సరోజత్త.

అత్తా అని పిలవడమే గాని చుట్టరికం లేదు. వాళ్ళది అగరుబత్తీల టోకు వ్యాపారం. సింగపూరులో పనిచేసే తమ్ముడు ఆమెకొక వీడియో గేమ్ తెచ్చిచ్చాడు. అది టీవీకి తగిలించేది కాదు. రెండు కాళ్ళ మీద బల్లపై నిలబడేది. ముందుకు వంగి దాని ముసుగులో ముఖం దూర్చాలి. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించి, ఆ చీకట్లో నిజమైన లోతు పుట్టించేది. రంగు మాత్రం ఎరుపు ఒక్కటే. చిక్కేమిటంటే, చూసేవాళ్ళకు తప్ప పక్కవాళ్ళకు ఏమీ కనిపించదు. మధ్యాహ్నం అంగడి మూసి భోజనాలయ్యాక వీధి పిల్లలం అందరం అక్కడే పోగయ్యేవాళ్ళం. అందుకని అత్త ఒక కట్టుబాటు పెట్టింది. ముసుగులో ముఖం పెట్టినవాళ్ళు చూసింది చూసినట్టు పైకి చెప్పాలి.

నేను నోట్లో నాలుక లేని పిల్లవాణ్ణి. నా వంతు వచ్చినప్పుడు "బంతి వస్తా ఉంది" అని ఊరుకున్నాను.

"యాడి నుంచి వస్తా ఉండాదప్పా? దూరం నుంచా, పక్క నుంచా? వీళ్ళకి కండ్లు నువ్వే గదా ఇప్పుడు!"

"నాకు చెప్పేదానికి రాదత్తా."

"ఆట పోతే పోనీ, నిదానంగా చెప్పు. మాకేమన్నా రైలుకి టైమయిందా?"

ఆమె నిజంగానే కాచుకుంది, మిగతా పిల్లల్నీ కాచుకోమంది. అలా మొదలైన నా మాట మళ్ళీ ఆగలేదు. ఈ రోజు ఆఫీసులో నలుగురి ముందు నిలబడి నోరు విప్పగలుగుతున్నానంటే అది ఆ బల్ల దగ్గర వచ్చిందే. ఇక అత్త వంతు వస్తే మాకు పండగే. బంతిని, ఎర్ర మనిషిని, వాడి నడకను వర్ణించి వర్ణించి మమ్మల్ని నవ్వించేది. ఆ సందట్లో ప్రతిసారీ ఓడిపోయేది. మేము ఆటపట్టించేవాళ్ళం.

ఆ యంత్రం ఎప్పుడో పాడైపోయింది. ఈమధ్య అత్తకు మెడ నొప్పి ముదిరి, పట్టీ వేసుకుని కుర్చీకే అతుక్కుపోయింది. ఒకసారి ఫోనులో, "ఆ ఎర్ర ఆట ఇంకొక్కసారి ఆడాలని ఉండాదప్పా. ఆ డబ్బా లేదు, ఉన్నా వంగేదానికి మెడ రాదు" అంది. ఆమె ఏదైనా కావాలని అడగడం నేను వినలేదు. పాత ఆటను కంప్యూటర్లో నడిపించి, రెండు బొమ్మల్నీ విడదీసి కళ్ళద్దాలకు పంపడానికి సెలవు రోజులన్నీ ధారపోశాను. అయితే ఈ వయసులో ఆమె కళ్ళు ఆ రెండింటినీ కలుపుకుంటాయా అన్న బెంగ మాత్రం పోలేదు.

ఆదివారం కాటన్‌పేట వెళ్ళి, ఆమెను వెనక్కి ఆనించి కూర్చోబెట్టి కళ్ళద్దాలు పెట్టాను.

"కనిపిస్తా ఉందా అత్తా?"

"కనిపిస్తా ఉండాది గానీ, నీ ఎర్రోడు నా ముక్కు మీదికి వచ్చినాడు. వల యాడో వాడి వెనకాల ఉండాది!"

కుడి కంటి బొమ్మను ఎడమ కంటికి పంపించాను, దాంతో దూరమూ దగ్గరా తారుమారయ్యాయి! ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. సరిచేశాక ఆమె ఆట మొదలుపెట్టింది. చేతిలో మీటలు కదులుతున్నాయి గాని నోట మాట లేదు. రెండు బొమ్మలూ కలవడం లేదేమో అనుకున్నాను.

"ఏం కనిపిస్తా ఉందత్తా?"

"గమ్మునుండప్పా. మీకందరికీ చెప్తా చెప్తా ఒక్క ఆటా గెల్చలేదు నేను. ఈసారి చెప్పను."

తన ఆటలన్నీ మా కోసం వదులుకుందన్న సంగతి అంతవరకు నాకు తట్టనే లేదు. నేల మీద కూర్చుని ఆమె ముఖమే చూశాను. పెదవులు బిగుసుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. బంతి ఎక్కడుందో నాకు తెలియదు. తెలియకపోయినా కడుపు నిండిపోయింది.

ఆమె గెలిచిందా, ఓడిందా అని ఇప్పటికీ అడగలేదు. ఇంట్లో ఎవరైనా దేన్నయినా చూసి తమలో తాము మురిసిపోతుంటే, ఏమిటని అడగబోయి ఆగిపోతున్నాను.