గోడ లేని అటక

అనసూర్య ఇంట్లోకి మొదటిసారి అడుగు పెట్టినవాళ్లకు ఒక అనుమానం వచ్చేది. ఈ ఇంట్లో మనుషులు కాపురం చేస్తున్నారా, లేక నిన్ననే ఖాళీ చేసి పోయారా? సిద్దిపేట పాత బజారు వెనుక సందులో, గూనపెంకల కింద ఉన్నవి రెండే గదులు. నేల మీద మాత్రం ఒక గిన్నె, ఒక మూట, ఆఖరికి ఒక చీపురు కూడా కనిపించేది కాదు. సామానంతా అటక మీదే. ఆమెకు సర్దడం ఒక పిచ్చి. ఎవరింట్లో పెండ్లికి పోయినా వంటవాళ్ల గంజులు ఒకదాంట్లో ఒకటి పేర్చి గానీ తిరిగి వచ్చేది కాదు. బస్సెక్కితే పక్కవాళ్ల సంచులు సీటు కింద ఎట్లా పట్టించాలో, వాళ్లడగకపోయినా చెప్పేది.

అయితే ఈ అటకకు ఒక కథ ఉంది. అది మొదలైంది ఒక కుర్చీతో.

ఆమె భర్త రాజమల్లుకు బస్టాండు దగ్గర కిరాయి సైకిళ్ల దుకాణం. అతని అన్న కాశయ్యది కిరాణం. ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. ఎనభై ఏడులో మిరుదొడ్డిలో ఒక చుట్టాల పెండ్లికి అన్నదమ్ములిద్దరూ పోతే, అక్కడి వాళ్లు పెద్దవాడికి సాప వేసి, చిన్నవాడికి కుర్చీ వేశారు. తమ్ముడు లేచి నిలబడలేదని కాశయ్యకు కోపం. లేవమని అన్న ఒక్క మాటైనా అనలేదని రాజమల్లుకు కోపం. పెండ్లివాళ్లు ఆ సాపనూ కుర్చీనీ ఆ సాయంత్రమే లోపల పెట్టేసుకున్నారు గానీ, వీళ్లిద్దరూ వాటిని సిద్దిపేట దాకా మోసుకొచ్చారు. నెల తిరగకముందే పాలు పంచుకున్నారు.

పంచడానికి నలుగురు పెద్దమనుషులు వచ్చారు. బిందెలు లెక్కపెట్టారు, మంచాలు పంచారు, దర్వాజాలు పంచారు, ఇంటి నడుమ ఇటుక గోడ లేపించారు. గోడ అటక చెక్కల దాకా పోయి ఆగింది. ఆ పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా అటక ఒకటే. పంచిన నలుగురిలో ఒక్కరూ తల ఎత్తి పైకి చూడలేదు. పెద్దమనుషులు కదా, మెడలు అంత సులభంగా వంగవు.

పెద్దమనుషులు పోగానే అన్నదమ్ములిద్దరూ పెండ్లాలతో ఒట్టు పెట్టించారు. అటు ఇంటి కడప ఇటువాళ్లు తొక్కొద్దు, ఇటు ఇంటి కడప అటువాళ్లు తొక్కొద్దు. అనసూర్య ఏడుస్తూనే ఒట్టు పెట్టింది. ఎందుకంటే కాశయ్య పెండ్లాం ఐలవ్వ ఆమెకు వట్టి యారాలు కాదు. పదిహేనేండ్ల పిల్లగా కాపురానికొచ్చిన అనసూర్యకు తల దువ్విందీ, పొయ్యి ఊదడం నేర్పిందీ, మొదటి కాన్పుకు దవాఖాన మెట్ల మీద రాత్రంతా కూర్చున్నదీ ఆమే. ఇప్పుడు బోరింగు దగ్గర ఎదురుపడితే ఇద్దరూ తలలు పక్కకు తిప్పుకోవాలి. సందులో అందరి కళ్లూ వీళ్ల మీదే ఉండేవి మరి.

రెండు ఎండాకాలాలు అట్లాగే గడిచాయి. మూడో ఎండాకాలంలో రాజమల్లు దుకాణంలోని పాత టైర్లన్నీ ఇంటికి తెచ్చి పడేశాడు. వాటికి జాగ చేద్దామని అనసూర్య కొంగు బిగించి నిచ్చెన ఎక్కింది. తన వైపంతా మధ్యాహ్నానికే సర్దేసింది. చిన్న గంజులు పెద్ద గంజుల్లోకి, అవి గంగాళంలోకి. చాటలూ జల్లెడలూ దూలానికి వేలాడగట్టింది. బరువైనవి దూలాల మీదికి, తేలికవి చెక్కల మీదికి. నడుమ మనిషి పాకేంత దారి వదిలింది. టైర్లకు జాగ మిగిలింది కూడా.

అప్పుడు తల ఎత్తి చూస్తే అటు వైపు ఐలవ్వక్క సామాను. ఆ గజిబిజి చూడలేకపోయింది. బొంతల మీద చేదలు, చేదల మీద ఇస్త్రీ పెట్టె, అన్నిటి మీదా బావ గొడుగు. ఒట్టు కడపకు పెట్టింది గానీ అటకకు పెట్టలేదు కదా అని మనసు సమాధానం చెప్పింది. సమాధానం వచ్చేలోపే చేతులు అటు పోయాయి.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఎక్కింది. అటు వైపు నిచ్చెన కిర్రుమంది. ముందు ఒక చెయ్యి, తర్వాత ఆయాసం, ఆ తర్వాత ఐలవ్వ తల పైకొచ్చాయి. పెంకుల సందుల్లోంచి వచ్చే వెలుతురు తప్ప అక్కడ అంతా మసకే.

“ఎవలే గక్కడ?”

“నేనక్కా.”

  తిడుతుందేమో, దిగిపోతుందేమో అనుకుంది అనసూర్య.

“సర్దితే సర్దినవ్ గని, నా పోపుల డబ్బ ఏడ వెట్టినవే? పొద్దటి సంది దేవులాడుతున్న,” అంది ఐలవ్వ.

అనసూర్యకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ముక్కు చీదుకుంటూ డబ్బా చూపించింది.

ఇక అది మొదలు. మగవాళ్లు దుకాణాలకు పోగానే రెండు నిచ్చెనలూ కిర్రుమనేవి. ఇద్దరూ పైన కూర్చుని కూరగాయలు తరిగేవాళ్లు, పేలు చూసుకునేవాళ్లు, సందులో అందరి సంగతులూ మాట్లాడుకునేవాళ్లు. అటక సర్దుబాటు కూడా మారిపోయింది. ఇది నీది, అది నాది అన్న లెక్క పోయి వానకాలం సామాను ఒక మూలకు, పండుగ సామాను ఒక మూలకు, పెండ్లి సామాను ఒక మూలకు చేరింది. ఆ ఏడు మామిడికాయ తొక్కు కూడా పైనే కలిపారు. కాయ అనసూర్యది, కారం ఐలవ్వది, చెమట ఇద్దరిదీ. పెద్ద జాడీ ఒకటే, రెండిళ్లకూ అందులోంచే. పొద్దున గిన్నెలోకి తీసి కిందికి దించుకునేవాళ్లు.

“గీసారి తొక్కు మంచిగ కుదిరింది,” అనేవాడు రాజమల్లు అన్నం కలుపుకుంటూ. “మా వదిన వెట్టినట్టే ఉన్నది.”

“అల్లం జర ఎక్కువేసిన,” అనేది అనసూర్య, అతని ముఖం చూడకుండా.

“పగటీలి పైన ఏందే సప్పుడు?” అని ఒకసారి అడిగాడు. పందికొక్కులని చెప్పింది. అవి రెండున్నాయని కూడా చెప్పింది.

దుకాణం బందున్న ఒక రోజు రాజమల్లే టైరు కోసం పైకెక్కాడు. తన టైర్ల మధ్యలో అన్న గొడుగు కనిపించింది. దాని పక్కన అన్న లాంతరు. తలెత్తి చూస్తే అన్న ఇంటి వెలుతురు. గోడే లేదు! కిందికి దిగేసరికి ముక్కుపుటాలు అదురుతున్నాయి.

“ఇన్నొద్దులు మన కొంపల వాని సామాన్ ఉన్నదే! రేపే గోడ లేపిస్త.”

మేస్త్రి జానీ పాషాను పిలిపించాడు. జానీ పాషా పక్కింటికి పోయి చెబితే కాశయ్య కూడా వెంటనే సరేనన్నాడు. మూడేండ్లలో అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి అదే.

ఆ రాత్రి అనసూర్యకు ముద్ద దిగలేదు. గోడ లేస్తే అటక సగమవుతుందన్న బాధ కాదు. అక్క పోతుంది. మళ్లీ బోరింగు దగ్గర తల తిప్పుకోవడం తనవల్ల కాదనిపించింది.

పొద్దున్నే జానీ పాషా సిమెంటు మాల్ కలిపి, తట్ట నెత్తికెత్తుకుని పైకి తొంగి చూశాడు. చూసి తట్ట దించేశాడు.

“ఎవలి సామాన్ వాళ్లు జరుపుకోండ్రి భాయ్. నేను గోడ ఏడికెల్లి గట్టాలె?”

అన్న అటు నుంచి, తమ్ముడు ఇటు నుంచి ఎక్కారు. ఇద్దరూ వంగి, ఒకరినొకరు చూడకుండా సామాను ముందు కూర్చున్నారు. ఎవరిది ఏదో ఇద్దరికీ తెలియదు.

“గీ గంగాళం మనదేనా?” కిందికి కేకేశాడు రాజమల్లు.

“అక్కకు ఎరుక,” అంది అనసూర్య.

“గా చాట ఎవలిదే?” అటు నుంచి కాశయ్య.

“చెల్లెనడుగు,” అని గోడ అవతలి నుంచి ఐలవ్వ గొంతు.

జానీ పాషా మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.  పైన జాడీ మూత తీసిన చప్పుడైంది.

“గీ తొక్కు...” అన్నాడు రాజమల్లు, వేలు నాకి. “నేను ఏడాది సంది తినేది గిదే.”

“నేను తినేది గూడ గిదేరా,” అన్నాడు కాశయ్య.

 కింద అనసూర్యకు ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నిచ్చెన పట్టుకుని పైకి చూస్తూ, పెండ్లయినప్పటి నుంచి ఎన్నడూ లేనంత గట్టిగా అంది.

“అబద్ధమాడిన. తిట్టుర్రి. గోడ గట్టుకుంటే గట్టుకోర్రి. గని అక్కతోని మాట్లాడకుంట నేనుండలేను. అది జెప్తున్న.”

గోడ అవతల ఐలవ్వ ముక్కు చీదింది. అది అందరికీ వినబడింది.

పైన అన్నదమ్ములు ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. మాట్లాడుకున్నారో, జాడీ చెరో పక్క పట్టుకుని కూర్చున్నారో కూడా తెలియదు. ఎంతసేపటికో కాశయ్య గొంతు మాత్రం వినబడింది.

“ఐలీ! ఒట్టు తీసి గట్టు మీద వెట్టు. తమ్మి ఇంట్ల అన్నం అయ్యిందో లేదో సూడు. ఆకలైతున్నది.”

“మరి నా మాల్?” అన్నాడు జానీ పాషా.

“పొయ్యి కాడ ఎలుక బొక్కలున్నయి, పూడ్వు,” అంది అనసూర్య.

ఐలవ్వ వీధి వెంట చుట్టూ తిరిగి వచ్చి, తెరిచిన దర్వాజాలోంచి ఎండతో పాటు లోపలికి వచ్చింది. అనసూర్య ఎదురుపోయి అక్కడే నిలబడిపోయింది. మూడేండ్లుగా బయట తల తిప్పుకోవడమే, అటక మీద మసకలో కూర్చోవడమే. వెలుతురులో అక్కను సూటిగా చూసి ఎన్నాళ్లయిందో. ఐలవ్వ జుట్టు సగానికి సగం నెరిసిపోయింది.

“గట్ల జూస్తున్నవేందే?” అంది ఐలవ్వ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. “పళ్లేలు వెట్టు, వాళ్లు దిగుతున్నరు.”