గింజ కొరికి తెచ్చుకున్న సీటు

ఆ రోజుల్లో పల్లెటూరి బడిలో చదివామని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లం. ఆ బడి ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్టే నన్ను గట్టెక్కిస్తుందని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి ఏడాదంతా కోచింగ్ తీసుకున్నా, నా ర్యాంకు సీటుకు ఆమడ దూరంలో ఆగింది. మిగిలింది ఒక్కటే దారి: వ్యవసాయ కాలేజీలో పల్లె బడుల్లో చదివిన రైతుబిడ్డలకు విడిగా ఉంచిన సీట్లు. సర్టిఫికెట్ ఉంది, నాన్న పేరున రెండెకరాలూ ఉన్నాయి. కానీ ఇంటర్వ్యూలో విత్తనాలు చూపించి ప్రశ్నలడుగుతారట! చిక్కల్లా అక్కడే. మా ఇంట్లో చదివే పిల్ల చేను మొహం చూడకూడదు. నేను చేని గట్టెక్కితే చాలు, నాన్న "మట్టి ముట్టకు బిడ్డా, పో, సదువుకో" అని తరిమేవాడు. (నేనూ పెద్దగా బతిమాలలేదు లెండి.) కందికీ పెసరకీ తేడా నాకు వండి వడ్డించాకే తెలిసేది.

ఫోన్ చేసి ఏడిస్తే, నాన్న మర్నాడు పొద్దున్నే నల్గొండ బస్సులో ఎల్బీనగర్ దాకా వచ్చి, సంచీనిండా గింజల పొట్లాలతో హాస్టల్ ముందు ప్రత్యక్షమయ్యాడు. ఆడపిల్లల హాస్టల్లోకి మగవాళ్లను రానివ్వరు గనుక మా పాఠం గేటు బయట మెట్ల మీదే సాగింది. హాస్టల్ నడిపే ఆంటీది గుంటూరు వైపు. "ఏవండీ, మా గేటు దగ్గర విత్తనాల కొట్టు పెట్టారేంటండీ?" అని అడిగి, సంగతి విని రెండు గ్లాసుల టీ పంపింది. ఎన్ని పొట్లాలు విప్పినా నాన్న చివరికి తేల్చింది ఒక్క ముక్కే: "పరేషాన్ గాకు బిడ్డా. ఏ గింజిచ్చినా పండ్ల కింద పెట్టు. కటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగుంటే పచ్చిగున్నట్టు. గంతే."

ఇంటర్వ్యూలో ఎదురుగా ముగ్గురు ఆఫీసర్లు. మధ్యలో ఉన్నాయన నాలుగు మక్కజొన్న గింజలు నా చేతిలో పోశారు. రోజా రంగులో ఉన్నాయి! "ఇవి విత్తడానికి పనికొస్తయా లేదా, ఎట్ల చూస్తవమ్మా?" అన్నారు. నాన్న పొట్లాల్లో ఈ రంగే లేదు. చదివిందంతా ఎగిరిపోయింది, నాన్న మాట ఒక్కటే మిగిలింది. నోట్లో వేసుకుని కటుక్కుమనిపించాను.

"అయ్యయ్యో, ఉమ్మెయ్! మందు పట్టించిన ఇత్తనాలమ్మా అవి!"

ముగ్గురూ ఒక్కసారే లేచారు. ఒకరు నీళ్ల సీసా అందించారు, ఇంకొకరు చెత్తబుట్ట పట్టుకున్నారు. పుక్కిలించి పుక్కిలించి, సీటు గోవిందా అనుకుంటూ, కళ్లనీళ్లతోనే "బాగ ఎండినయి సార్" అన్నాను. మధ్యలో ఉన్నాయన నవ్వు ఆపుకోలేకపోయారు. "పొద్దటి సంది పుస్తకం అప్పజెప్పినోళ్లే గానీ, కొరికి చూసినోళ్లు ఒక్కరు లేరు. ఎవరు నేర్పిండ్రమ్మా?"

"మా నాయిన, సార్."

సీటొచ్చింది.

ఇప్పుడు నేను వ్యవసాయాధికారిని. మందు పట్టించిన విత్తనం నోటిదాకా తేవద్దని ఊరూరా తిరిగి గొంతు చించుకుంటాను. (నా సొంత అనుభవం మాత్రం చెప్పను.) నాన్నకు కట్టుడు పళ్లు వచ్చేశాయి. కోతలప్పుడు ఊరికి వెళితే, ఒకప్పుడు నన్ను మట్టి ముట్టనివ్వని ఆ మనిషే కల్లంలోకి పిలిచి, రెండు వడ్లగింజలు నా అరచేతిలో పెట్టి "జర కొరికి చూడు బిడ్డా" అంటాడు. ఎండాయో లేదో మొదటి గింజకే తెలిసిపోతుంది నాకు. అయినా ఇంకొకటి ఇమ్మని చెయ్యి చాపుతాను.