స్వభావోక్తికి సున్నా

శామీర్‌పేట దగ్గరి ఒక బడిలో తెలుగు చెప్పేవాణ్ని. పిల్లలు తప్పు రాసిన వాక్యాలను క్లాసులో గట్టిగా చదివి నవ్వించడం నాకో సరదా. అదేదో గొప్ప విద్య అనుకునేవాణ్ని, నా మొహం!

తొమ్మిదో తరగతికి ప్రకృతి, అభివృద్ధి గురించి ఒక కవిత చెప్పాను. అందులో కొండ ఏడుస్తుంది, చెరువు చేతులు జోడిస్తుంది. ఆహా ఓహో అంటూ వారం రోజులు సాగదీశాను. పరీక్షలో స్వభావోక్తికి, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి, సొంతంగా ఒక ఉదాహరణ రాయమన్నాను. అందరూ పుస్తకంలోదే దించేశారు. చేపలు పట్టే ఇంటి పిల్ల ఒక్కతే తన కళ్లతో చూసిందే రాసింది: "చెరువుల దిగితే మా నాయిన కాళ్ల తోలు ఊడుతాంది."

దాన్ని కొట్టేసి, పక్కన 'ఇది అతిశయోక్తి' అని రాసి సున్నా వేశాను. అంతటితో ఊరుకున్నానా? "మీ నాయిన ఏమన్నా ఉడికిన ఆలుగడ్డనా, తోలు ఊడటానికి?" అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ పిల్ల తల ఎత్తలేదు.

రెండు రోజులకు వాళ్ల నాయిన బడికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, మా బిడ్డ లేనిది రాసిందన్నరట. అన్నం తింటలేదు. గీ కాళ్లు జర సూడుండ్రి," అని లుంగీ పైకి పట్టుకున్నాడు. మోకాళ్ల కింద తోలు పొరలు పొరలుగా లేచి, లోపల ఎర్రగా ఉంది. "పైనున్న కంపెనీల నుంచి ఏం నీళ్లొస్తున్నయో ఏమో. ఇగ దిగకుంటే ఎట్ల బతుకుతం సార్?"

రోజూ బస్సులో ఆ చెరువు పక్కనుంచే వచ్చేవాణ్ని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. కాగితం మీది కొండ ఏడిస్తే కరిగిపోయిన పెద్దమనిషిని! సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడు క్లాసులో తప్పు నాదేనని చెప్పి, మార్కులు వేశాను. "సరే సార్," అంది ఆ పిల్ల. అయినా నాకు ఒకటే భయం, మళ్లీ సొంతంగా రాస్తుందో లేదో అని. అందుకే చివరి పరీక్షలో కావాలనే అదే ప్రశ్న ఇచ్చాను. అన్నిటికంటే ముందు తన కాగితమే వెతికి తీశాను.

"మా ఊరి చెరువులో నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. చేపలు హాయిగా ఈదుతున్నాయి."

గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. పూర్తి మార్కులు వేశాను.