మెదడులో ఆయిల్ తగ్గిందనుకున్నాను

నరసరావుపేటలో నాకు లారీల రిపేరు షెడ్డుంది. పిడుగురాళ్ల సున్నం లారీలు ఎక్కువగా నా దగ్గరికే వస్తాయి. ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒకరోజు డ్రైవరు కోటయ్య లారీకి బ్రేకులు బిగించి పంపాను. బండి మలుపు తిరిగిందో లేదో, ఒళ్లంతా చెమటలు పట్టాయి. బిగించానా, లేదా? సైకిలెక్కి వెంటపడి రైల్వే గేటు దగ్గర ఆపించాను.

"ఏంది మస్తాన్ బాయ్, నిన్న కూడా ఇట్టాగే ఆపావు. బానే ఉన్నయ్‌గా బ్రేకులు!" అన్నాడు కోటయ్య.

నిన్న ఆపిన సంగతి నాకు గుర్తే లేదు. నా చేతుల్ని చూసి నాకే భయమేసింది.

ఆ తర్వాత నిద్ర పట్టడం మానేసింది. తిండి సయించలేదు. షెడ్డు గొళ్లెం తీయాలంటేనే గుండెదడ. గాలి సోకిందని మా అమ్మ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. ఊళ్లో డాక్టరు బలానికి సూదులు పొడిచాడు. ఇదంతా సోమరితనమని మా బావ తేల్చేశాడు. ఆయన్ని తిరిగి తిట్టడానికి కూడా నాకు ఓపిక లేదు. నా నోరు ఎరిగినవాళ్లకు తెలుస్తుంది, అదెంత పెద్ద జబ్బో.

చివరికి నా భార్య జాన్‌బీ గుంటూరులో మెంటల్ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన ముందుగా నేను వాడే మందులేమిటని అడిగారు. చలికాలం నుంచి వాడుతున్న బి.పి. మాత్రలు చూపించాను.

"ఇది సర్పగంధి వేరు మందయ్యా. బి.పి. దించుతుంది గానీ, కొంతమందికి మెదడులో ఉండాల్సిన కెమికల్స్ కూడా తగ్గిస్తుంది. నీది డిప్రెషన్. టైఫాయిడ్ లాగా ఇదీ ఒక జబ్బే."

నాకు ఏడుపు ఆగలేదు. దయ్యం కాదు, సోమరితనం కాదు, జబ్బు! ఆయన బి.పి. మాత్ర మార్చి, డిప్రెషన్‌కి వేరే మాత్ర రాశారు. పనిచెయ్యడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టమన్నారు. చచ్చిపోవాలని ఉందా అని కూడా అడిగారు. జాన్‌బీ పక్కనే ఉంది. లేదన్నాను.

ఓపిక ఎక్కడిది? రోజురోజుకూ భయం ఎక్కువైంది. నాది మెకానిక్ బుర్ర. బ్రేక్ ఆయిల్ తగ్గితే పోస్తాం, పోసిన వెంటనే బ్రేకు పెడలు గట్టిపడుతుంది. కెమికల్‌కి మాత్రం వారాలెందుకు? ఒక మధ్యాహ్నం జాన్‌బీ వసారాలో బియ్యం ఏరుతుండగా, చేతికొచ్చినన్ని డిప్రెషన్ మాత్రలు మింగేశాను.

నాలుక పిడచకట్టింది. గుండె ఎగిరెగిరి కొట్టుకుంది. జాన్‌బీ మొహం అలుక్కుపోయినట్టు కనపడింది. "ఏం మింగావయ్యా! చెప్పు, ఏం మింగావు!" అని అరుస్తూనే ఉంది. నన్ను కోటయ్య లారీలో వేసుకుని గుంటూరు బయల్దేరారు. ఆ స్థితిలో కూడా, దీని బ్రేకులు నేను బిగించినవే గదా అని దారంతా వణికిపోయాను.

ఇ.సి.జి. తీశారు, సెలైన్లు ఎక్కించారు. ప్రాణం కుదుటపడ్డాక డాక్టరుగారు మంచం పక్కన కూర్చున్నారు.

"చచ్చిపోదామనుకున్నావా?"

"లేదు సార్. తగ్గిందన్నారుగా, పోశాను."

ఆయన తల పట్టుకున్నారు. "ఎంత తగ్గిందో కొలిచే మీటరు నా దగ్గర లేదయ్యా. నువ్వు వాడిన బి.పి. మాత్ర వేసుకున్నవాళ్లందరికీ డిప్రెషన్ రాదు. ఈ కొత్త మందు రక్తంలో గంటల్లోనే కలిసినా, పనిచెయ్యడానికి అన్ని వారాలు ఎందుకు పడుతుందో మాకే సరిగ్గా తెలియదు. కెమికల్ సంగతి ఉంది. అదొక్కటే అనుకోకు. ఇంట్లో ఇంకేమన్నా జరిగిందా?"

జాన్‌బీ చెప్పింది. "ముందటేడు షెడ్డులో జాకీ జారి లారీ మీద పడి ఈయన తమ్ముడు పోయాడు సార్. ఈయనే బయటికి లాగాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మెదడులో కెమికల్ అన్నారు గదా సార్. మా తమ్ముడితో దానికేం పనిలే అనుకున్నా."

ఆయన కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుని, "మీ తమ్ముడి సంగతి చెప్పు" అన్నారు.

ఇంటికొచ్చిన రోజు జాన్‌బీ అన్నం పెట్టి, నా మొహం చూడకుండా అడిగింది. "డాక్టరుతో చెప్పింది నిజమేనా? నయమవుద్దనే మింగావా?"

"సగం నిజం" అన్నాను. "మిగతా సగం, పోతే పోదామనే."

ఆమె గరిటె పక్కన పెట్టేసింది. "ఇంక ఆ సగం నా దగ్గర దాచబాకు. దాస్తేనే నాకు భయం" అంది.

రెండేళ్లయింది. డాక్టరుగారు చెప్పినంతే మాత్ర వేసుకుంటున్నాను. వెళ్లినప్పుడల్లా ఆయన తమ్ముడి గురించి అడుగుతారు. మొదట్లో కోపమొచ్చేది, తర్వాత ఏడుపొచ్చింది, ఇప్పుడు మాటలొస్తున్నాయి. తిండీ నిద్రా దారికొచ్చాయి. భయం మాత్రం పూర్తిగా పోలేదు.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గర ఏదీ దాచకండి, వేసుకునే మాత్రలూ, ఇంట్లో జరిగిందీ. చావాలని ఉందా అని అడిగితే, పక్కన ఎవరున్నా సరే, ఉంటే ఉందనే చెప్పండి.

మాత్రలు జాన్‌బీ దగ్గరే ఉంటాయి. రోజూ పొద్దున ఒకటి నా చేతిలో పెడుతూ, "ఆ సగం ఇయ్యాల ఎంతుంది?" అని అడుగుతుంది. చాలా రోజులు లేదనే అంటాను, అది నిజమే. నిన్న మాత్రం కొంచెం ఉందన్నాను. బియ్యం చాట తెచ్చుకుని, సాయంత్రం దాకా షెడ్డులో నా పక్కనే కూర్చుంది.