నేను దాటేసిన పేరా

నరసరావుపేట హైస్కూల్లో నేను ఇరవై రెండేళ్లు డ్రిల్లు మాష్టరుగా చేశాను. నా పేరు గోపాలకృష్ణయ్య. ఆ పేరుతో అడిగితే మా వీధిలో కూడా ఎవరూ ఇల్లు చూపించరు, డ్రిల్లు మాష్టారని అడగాలి. నాకు కోపం ఎక్కువనీ, నోటికి అదుపు లేదనీ అంటారు. అననీండి, అబద్ధమేమీ కాదు. ఆ నోరు నా జన్మలో ఒకే ఒక్కసారి మూతపడింది, అదీ తెరవాల్సిన చోట మూతపడింది. అలీ సాహెబు సంగతి చెప్పాలంటే అది కూడా చెప్పక తప్పదు.

అలీ సాహెబు మా వెనక సందులో ఎముకలు కట్టేవాడు. తాతల నాటి పని. అక్షరమ్ముక్క రాదు. విరిగిన చోట కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి, లోపల ముక్కలు ఎటు జరిగాయో చెప్పేవాడు. కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కట్టేవాడు. మాచర్ల, గురజాల వైపు నుంచి రైల్లోనూ బండ్ల మీదా జనం వచ్చి ఆయన పందిట్లో రోజుల తరబడి ఉండేవాళ్లు. ఆయన కట్టిన కాలు వంకరపోయిందని నేను వినలేదు. మొహం మీద పొగడటం నాకు చేతకాదు కనక ఈ మాట నమ్మొచ్చు.

కట్టు విప్పాక ఆయనకొక పద్ధతి ఉండేది. నువ్వుల నూనె కాచి కీలు మీద అరగంట గట్టిగా రుద్దేవాడు. మోచెయ్యి అయితే దాంతో ఆగదు. ఆ చేతికి బొక్కెన ఇచ్చి సందులో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేవాడు. మొదటి రోజు చెంబెడు నీళ్లు, మర్నాడు రెండు చెంబులు, అట్లా బొక్కెన నిండేదాకా. బిగుసుకున్న కీలు బరువుకు సాగుతుందని ఆయన నమ్మకం, ఊరందరి నమ్మకం కూడా. పొద్దున్నే బొక్కెనతో ఎదురైన వాళ్లను "ఇవాళ ఎన్ని చెంబులు?" అని పలకరించడం మాకు అలవాటు. కొందరి చేతులు సాగాయి. కొందరివి సాగలేదు. సాగని వాళ్లది వాళ్ల రాత అనుకునేవాళ్లం.

ఆ రాత ఆయన ఇంట్లోనే ఉంది. భార్య హజ్రా బీ, కొడుకు అబ్దుల్ గఫార్ ఐదేళ్ల వాడుగా ఉన్నప్పుడు, బావి మెట్ల మీద జారి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. ఆయనే కట్టాడు, ఆయనే రుద్దాడు, బొక్కెన మోయించాడు. చెయ్యి కొద్దిగా వంగిన చోట అట్లాగే నిలిచిపోయింది. చేత్తో కలిపిన ముద్ద నోటిదాకా రాదు. ఎడమ చేత్తో నలుగురిలో తినడం ఆమెకు చచ్చేంత సిగ్గు. మొగుడికీ కొడుక్కీ పెట్టేసి, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని వెనక కూర్చుని తినేది. పెళ్లిళ్లకు వెళ్లేది, వడ్డించేది, భోజనానికి మాత్రం కూర్చునేది కాదు.

గఫారు నా దగ్గర థర్డ్ ఫారం దాకా చదివాడు. యుద్ధం రోజుల్లో, నలభై మూడులో, మిలిటరీ ఆసుపత్రిలో ఆర్డర్లీగా చేరాడు. దెబ్బతిన్న సిపాయిలను వాడు పట్టుకుని లేపే తీరు చూసి, పూనాలో ఒక కోర్సుకు పంపించారు. చేతులూ కాళ్లూ మళ్లీ పనికి వచ్చేట్టు చేసే చదువు అన్నారు. మాలిష్‌కి కూడా చదువేందిరా అని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

వాడు ఉత్తరాలు తెలుగులో రాసేవాడు. అలీ సాహెబు వాటిని నా దగ్గరకు తెచ్చేవాడు కాదు, నన్నే ఇంటికి పిలిచేవాడు. తలుపు తెర వెనక హజ్రా బీ నిలబడి వినాలి గదా. వరండాలో కుర్చీ వేసి, నేను చదువుతుంటే ఆయన కింద కూర్చునేవాడు.

మొదటి మూణ్ణెల్లు ఎముకలేనట. గోనెసంచిలో మనిషి ఎముకలు పోసి, చూడకుండా చెయ్యి పెట్టి తీసి, అది ఏ ఎముకో, కుడిదో ఎడమదో చెప్పాలి. వాడికి మొదట్లో అన్నం సయించలేదట. చచ్చినవాళ్ల ఎముకలు పట్టుకోవడం పాపమా అని తండ్రిని అడిగాడు. ఎముకలు అతికించే ఇంట్లో పుట్టి ఎముకను చూసి భయపడతావేందిరా అని నా చేత జవాబు రాయించాడు అలీ సాహెబు. ఆ తర్వాత కండరాలు. ఒక్కో కండ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అతుక్కుంటుందో, దానికి ఆజ్ఞ తెచ్చే నరం ఏదో వల్లించాలి. క్లాసులో ఒకడి చొక్కా విప్పించి ఇంకొకడు నీలం పెన్సిలుతో ఒంటి మీద ఆ గీతలు గీయాలి. తప్పు గీస్తే పాఠం చెప్పే మిస్సమ్మ తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీయించేది. నరం చచ్చిన కండకు కరెంటు తగిలించి కదిలించడం, వేడి నీళ్లూ చన్నీళ్లూ మార్చి కాపడం, తాళ్లూ గిలకలూ కట్టి కాలు తేలిక చెయ్యడం, కాలు పోయినవాడికి కర్రలతో మెట్లెక్కడం నేర్పడం. మర్దన మీదే రెండు నెలల చదువు. గుండె వైపుకే రుద్దాలి, ఎదురు రుద్దకూడదు. అది విని అలీ సాహెబు తొడ చరుచుకున్నాడు. తన తండ్రి అదే చెప్పాడట.

ఆ చదువులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ప్రతి విద్యార్థికీ ఎనిమిది రోజులు ఏ జబ్బూ లేని చేతికి బద్దలు వేసి కట్టేవాళ్లట. కట్టు వేయించుకున్న వాడి బతుకు ఎట్లా ఉంటుందో తెలియాలని. గఫారుకు కుడి చెయ్యి కట్టారు. ఆ ఎనిమిది రోజులూ మెస్సులో అందరి ముందు ఎడమ చేత్తో తినలేక గది మూలకు పోయి తిన్నానని రాశాడు.

ఆ ఉత్తరంలోనే కింద ఇంకో పేరా ఉంది. మొదటి వాక్యం ఇది: "మాష్టారూ, ఇది అబ్బాకు చదవొద్దు."

కళ్లతో చదువుకున్నాను. మోచెయ్యి గురించి పాఠం చెప్పారట. విరిగిన మోచేతి ముందు కండలో నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. రుద్దినా, బరువు కట్టి లాగినా అది మళ్లీ మళ్లీ చిట్లుతుంది, చివరకు ఆ కండలోనే ఎముక పుడుతుంది, కీలు జన్మలో వంగదు. మోచేతిని రుద్దకూడదు, లాగకూడదు, బొక్కెన మోయించకూడదు. బొక్కెన అన్న మాట మిస్సమ్మే అన్నదట. "మా అమ్మ చెయ్యి రాత వల్ల పోలేదు మాష్టారూ. ఈ మాట అబ్బాకు ఎట్లా చెప్పను?"

నేను తలెత్తాను. అలీ సాహెబు మెరిసే కళ్లతో ఇంకా ఏం రాశాడని చూస్తున్నాడు. అందరూ క్షేమం అని రాశాడు అన్నాను. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్లలో మా సందులో బొక్కెన పట్టుకుని నడిచిన వాళ్లను పదకొండు మందిని చూశాను. ఎన్ని చెంబులని ఎవర్నీ అడగలేదు. మొహం తిప్పుకుని పోయేవాణ్ణి. ఎంతమంది చేతులు నిలిచిపోయాయో నాకు తెలియదు, తెలుసుకోలేదు. అది నా తప్పు, ఇంకెవరిదీ కాదు.

నలభై ఆరులో గఫారు పరీక్ష ప్యాసై, ఉద్యోగం చాలించుకుని ఇంటికొచ్చాడు. పందిట్లో ఒక బల్ల, రెండు గిలకలు బిగించాడు. తండ్రి కట్టేవాడు, కొడుకు నడిపించేవాడు. మోకాళ్లు, భుజాలు, పక్షవాతం వచ్చిన వాళ్లు బాగానే కోలుకుంటున్నారు. మోచెయ్యి వచ్చిన రోజు మాత్రం వాడు పనుందని బజారుకు పోయేవాడు. ఒకసారి పట్టుకుని కేకలేశాను, చెప్పి చావరా అని. "మీరు చదవలేకపోయారు గదా మాష్టారూ" అన్నాడు.

ఆ ఏడు దీపావళి వెళ్లాక దుర్గి నుంచి కోటేశ్వర్లనే శిల్పి వచ్చాడు. బండి తిరగబడి కుడి మోచెయ్యి విరిగింది. సుత్తి పట్టే చెయ్యి. వాళ్ల ఇంట్లో ఇంకెవరికీ రాయి చెక్కడం రాదు. భార్య రోశమ్మ పందిట్లోనే పొయ్యి పెట్టుకుంది. కట్టు విప్పితే ఎముక చక్కగా అతికింది, చెయ్యి సగం వంగుతోంది. అలీ సాహెబు సంతోషంగా నూనె కాచాడు. రుద్దిన రెండో రోజుకే కీలు వాచి వేడెక్కింది. మూడో రోజు పొద్దున బొక్కెన చేతికిచ్చాడు.

నేను బడికి పోతూ వాళ్ల వాకిట్లోకి వచ్చేసరికి రోశమ్మ గఫారుకు అడ్డంగా నిలబడి ఉంది.

"పూనాలో చదివొచ్చావంట గదా అబ్బాయ్. మా ఆయన చెయ్యి మొన్న వంగినంత ఇయ్యాల వంగట్లా. నువ్వు జూసి జెప్పు, వంగుద్దా, వంగదా?"

గఫారు కీలు మీద చెయ్యి పెట్టి చూశాడు. కోటేశ్వర్ల వేళ్ల నుంచి బొక్కెన తీసి కింద పెట్టాడు.

"ఏందిరా అది?" అన్నాడు అలీ సాహెబు.

"మోచెయ్యి రుద్దకూడదు అబ్బా. బరువు మోయించకూడదు. ఇంకో వారం ఇట్టానే చేస్తే నిలిచిపోద్ది."

"నలభై ఏళ్ల నుంచి రుద్దుతున్నా. నా చేత్తో ఎవరికి చెడిందో ఒక్క పేరు చెప్పు."

కొడుకు తల దించుకున్నాడు. పేరు ఎట్లా చెబుతాడు? రోశమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఇంకో నిమిషం ఆగితే కోటేశ్వర్లు మళ్లీ బొక్కెన అందుకునేవాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. పూనా నుంచి వచ్చిన ఒక ఉత్తరంలో ఒక పేరా నేను చదవకుండా దాటేశానని చెప్పాను. ఇంటికి పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ కాయితం తెచ్చాను. వాకిట్లో నిలబడి, అబ్బాకు చదవొద్దు అన్న మాటతో సహా మొత్తం చదివాను.

అలీ సాహెబు అరుగు మీద కూర్చుండిపోయాడు. అప్పుడు తెర తొలగించుకుని హజ్రా బీ బయటికొచ్చింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూయే అయినా, అందరికీ తెలియాలనేమో ఆమె తెలుగులోనే చెప్పింది.

"కట్టిప్పిన రోజు నా ముద్ద నోటిదాకా వచ్చింది. మీరు రుద్దిన నాలుగో రోజుకి రాలా."

"మరి నాకు చెప్పవేందే?"

"మీరు చెమటలు కారేట్టు రుద్దుతుంటిరి. ఎట్టా చెప్పేది?"

పద్దెనిమిదేళ్లు దాచిందామె. నేను దాచిన రెండేళ్లకే నా గుండె మీద బండ పెట్టినట్టయింది. ఆమె అట్లా నిలబడి, మామూలుగా, కూరలో ఉప్పు చాల్లేదన్నట్టు చెప్పింది.

అలీ సాహెబు లేచి బొక్కెనలో నీళ్లు వాకిట్లో పారబోశాడు. నూనె గిన్నె కొడుకు చేతికిచ్చాడు. కోటేశ్వర్లతో, నీ చెయ్యి ఇకమీద వాడిది నాయనా, అని లోపలికి పోయాడు. ఆ మధ్యాహ్నం తన కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లి, తలుపు వెనక ఆమె పక్కన కూర్చున్నాడట. ఆ రోజు నుంచి ముందు వరండాలో ఆయన భోంచెయ్యగా నేను చూడలేదు.

కోటేశ్వర్ల చేతిని గఫారు వారం రోజులు మెడలో గుడ్డ వేసి ఊరికే ఉంచాడు. వాపు తీశాక ఎదురుగా కూర్చుని, తాకకుండా, నీ అంతట నువ్వే వంచు అనేవాడు. నొప్పి మొదలైన చోట ఆపించేవాడు. వేలి కొస ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడు. చెయ్యి వెయ్యని వైద్యం ఏం వైద్యమని రోశమ్మ రోజూ సణిగేది. గీతలు మాత్రం గోడ మీద పైకి జరుగుతూ పోయాయి. పదో వారంలో వేళ్లు భుజానికి తగిలాయి. కొడుకు పని చూసి హజ్రా బీ ఒక రోజు, నీ చదువులో నాకేమన్నా ఉందా అని అడిగిందట. లేదమ్మా అని చెప్పి వాడు ఏడ్చాడు. ఆ సంగతి వాడే నాతో చెప్పాడు. ఉగాదికి కోటేశ్వర్లు దుర్గిలో సుత్తి పట్టాడు.

నలభై ఎనిమిదిలో మా అమ్మాయి యశోద బడి మెట్ల మీద పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల. అలీ సాహెబే కట్టాడు. కట్టు విప్పిన రోజు పిల్ల భయపడుతూ, రుద్దుతారా తాతా అని అడిగింది. ఆయన లోపలికి కేకేశాడు. హజ్రా బీ వచ్చి కుడి వైపు రవికె చెయ్యి పైకి లాక్కుని నిలబడింది. మోచెయ్యి వచ్చిన ప్రతివాళ్లకూ అట్లా చూపించడం రెండేళ్లుగా వాళ్లకు అలవాటేనని అప్పుడు తెలిసింది.

"ఈ చెయ్యి చూడమ్మా. అతికించిందీ నేనే, చెడగొట్టిందీ నేనే. అందుకని నీది ముట్టుకోను. మా గఫారు చెప్పినట్టు నువ్వే వంచుకో."

ఆ మాట చెప్పి అలీ సాహెబు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. మా పిల్ల చెయ్యి వంచుతున్నంతసేపూ అట్లాగే నిలబడి చూశాడు.