సగం దోసకాయలు

గన్నవరం దగ్గర కాలనీలో మేం సొంత ఇంట్లోకి మారిన నెలకే, ఏప్రిల్ మొదట్లో, పక్కింటి పెద్దాయన ప్రహరీ మీదుగా నాకొక దోసకాయ ఇచ్చారు. పూర్తి కాయ కాదు, సగం. గింజలు శుభ్రంగా గీకేసి ఉన్నాయి. పసుప్పచ్చ తొక్క మీద నల్ల స్కెచ్ పెన్నుతో 3 అని రాసి ఉంది.

"మా పెరట్లోదమ్మా. ఒక ముక్క తిని చెప్పండి, చేదేమో," అన్నారు.

దోసకాయ కోసేటప్పుడు చేదు చూడటం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. అక్కడే నిలబడి అంచు కొరికాను. భరించలేనంత చేదు. కొత్త పరిచయం కాబట్టి మొహమాటపడాల్సింది. కానీ నోట్లోది ఉమ్మేసి, "విషంలా ఉందండీ," అనేశాను. ఆయన నొచ్చుకుంటారనుకున్నాను. నొచ్చుకోలేదు సరికదా, మొహం విప్పారింది. చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి ఏదో రాసుకున్నారు. "చాలా థ్యాంక్సమ్మా," అని లోపలికి వెళ్ళిపోయారు.

చేదు కాయ ఇచ్చి, చేదని చెప్తే సంతోషపడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత రెండు రోజులకొకసారి సగం దోసకాయ వచ్చేది. 4, 5, 6. ఇచ్చిన మర్నాడు నేను కాలేజీ ఆఫీసుకి బస్సెక్కడానికి బయల్దేరే వేళకి ఆయన గేటు దగ్గర సిద్ధంగా ఉండేవారు. "అయిదో నెంబరు తిన్నారా? ఎలా ఉంది?" అని అడిగేవారు. జవాబు విని డైరీలో రాసుకునేవారు. దోసకాయలతో పాటు టమాటాలు, లేత బెండకాయలు కూడా ఇచ్చేవారు గానీ వాటి మీద నెంబర్లుండేవి కావు, వాటి గురించి అడిగేవారూ కాదు.

మావారికి ఆటోనగర్‌లో విడిభాగాల షాపు. ఒకరోజు సాయంత్రం ఇంటికొస్తూనే చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి, "పక్కింటాయన పూర్వం ఏం చేసేవాడో తెలుసా? హనుమాన్ జంక్షన్‌లో పురుగుమందుల కొట్టు. మా కస్టమరొకాయన చెప్పాడు," అన్నారు.

"అయితే ఏమైంది?"

"నెంబర్లేసి ఇస్తున్నాడు. తిన్నాక ఎలా ఉందని అడిగి రాసుకుంటున్నాడు. నీకింకా అర్థం కాలేదా? ఏదో కొత్త మందు కొట్టి మన మీద చూస్తున్నాడు."

నేను నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. అంతకుముందు రోజే మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆయన వరండాలోకి చూశాను. గోడవారగా వరసగా గాజు గ్లాసులు, ఒక్కోదానికి ఒక్కో కాగితం ముక్క అంటించి ఉంది. లోపల తెల్లగా, నురగ కట్టిన నీళ్ళు. ఆ సంగతి చెప్పేసరికి మావారు, "చూశావా మరి," అన్నారు.

ఆ రోజు నుంచి పక్కింటాయన ఇచ్చినవేవీ మేం తినలేదు. పాత పేపర్లో చుట్టి చెత్తబండిలో వేసేదాన్ని. బెండకాయలు పారేసేటప్పుడు మాత్రం చెయ్యి ఆగేది. ఇలా విరిస్తే అలా పుటుక్కున విరిగేంత లేతవి. రైతుబజారులో ఎంత ఏరినా దొరకనివి. వాటిని చెత్తలో వేసి, వేసవిలో వడలిపోయిన బెండకాయలు కొనుక్కొచ్చి వండేదాన్ని.

పొద్దున గేటు దగ్గర ఆయన అడుగుతూనే ఉన్నారు. "ఏడో నెంబరు ఎలా ఉందమ్మా?"

"బావుందండీ."

"చేదు లేదుగా?"

"అస్సలు లేదండీ."

"ముచ్చిక దగ్గర కూడా?"

"లేదండీ. పప్పులో వేశాను," అన్నాను. పప్పు సంగతి నేనెందుకు కల్పించానో ఇప్పటికీ తెలీదు. అబద్ధం నిలబడాలంటే ఏదో ఒకటి తగిలించాలనిపించింది.

ఆయన ఆ మాట కూడా రాసుకున్నారు.

నాకు గూఢచారిపని అలవాటైంది. సెలవు రోజుల్లో మేడ మీద బట్టల చాటున నిలబడి ఆయన్ని కనిపెట్టేదాన్ని. తెల్లవారగానే పాదుల దగ్గర కూర్చుని ఒక్కో పువ్వుకీ కాగితం పొట్లం తొడిగి దారం కట్టేవారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్ళాక వరండాలో ఒక్కరే భోంచేసేవారు. కంచంలో మజ్జిగన్నం తప్ప ఇంకోటి కనిపించేది కాదు. తన పెరట్లో కాసినవి తను తినడే, మాకు మాత్రం పంచుతాడే అని నా అనుమానం మరింత బలపడింది. ఒకసారి వాళ్ళ వంటింటి కిటికీలోంచి పొగ వస్తోంది. పాలు మాడి గిన్నె అంటుకున్న వాసన మా మేడ మీదికి కూడా కొడుతోంది. ఆయన ఆ కిటికీ కిందే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నేను కేకేస్తే ఉలిక్కిపడి పరుగెత్తారు. తర్వాత, "చూసుకోలేదమ్మా," అన్నారు. ముక్కు పక్కనే మాడుతుంటే తెలియకపోవడమేంటి అని ఆ రాత్రి మావారితో అన్నాను. ఏదో తగలబెట్టి ఉంటాడు, పాలని చెప్పుంటాడు అన్నారాయన.

మరుసటి ఏడాది జనవరిలో పెద్దాయన కాలనీలో అడిగినవాళ్ళకల్లా దోస విత్తనాలు పంచారు. బూడిద పట్టించి, చిన్న చిన్న పొట్లాలు కట్టి ఇచ్చారు. నేనూ ఒక పొట్లం తీసుకుని బీరువా మీద పడేశాను.

ఏప్రిల్‌లో మా వీధి చివరింటావిడ ఆయన గేటు ముందు నిలబడి గట్టిగా మాట్లాడుతుంటే బయటికొచ్చాను. ఆమె పెరట్లో దోసపాదు విరగ్గాసిందట. కోసి దోసావకాయ పెట్టిందట. మొదట కోసిన కాయ కొరికి చేదు లేదని చూసుకుని, మిగతావి చూడకుండా కలిపేసిందట. జాడీ మొత్తం చేదు.

"తెలిసే ఇచ్చారో, తెలీక ఇచ్చారో గానీ బాబాయిగారూ, ఇంకెవరికీ ఇవ్వకండి. మందుల కొట్టు నడిపినాయన, విత్తనాల సంగతి తెలుసుగదా అని నమ్మాం," అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన మా ఇంటికొచ్చారు. అదే మొదటిసారి రావడం. మావారు షాపులో ఉన్నారు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోకుండా డైరీ తెరిచి నా ముందు పెట్టారు.

"ఆవిడకిచ్చింది ఏడో నెంబరు గింజలమ్మా. పోయినేడాది మీరు తిన్నారు. చేదు లేదు, ముచ్చిక దగ్గర కూడా లేదు, పప్పులో వేశారు అని రాసుకున్నాను. చేదు కాయ గింజ వేస్తే చేదే వస్తుంది. తియ్యటి కాయ నుంచి ఇలా రాకూడదే. వేరే పాదు పుప్పొడి పడకుండా పువ్వులకి పొట్లాలు కూడా కట్టాను. ఎక్కడ తప్పుపోయిందో ఆలోచించి చెప్తారా?"

 "గింజలు తీసేటప్పుడు మీరు రుచి చూడలేదా బాబాయిగారూ?" అన్నాను.

ఆయన డైరీ మూశారు. "నాకు తెలీదమ్మా. కరోనా వచ్చినప్పుడు రుచీ వాసనా పోయాయి. మళ్ళీ రాలేదు. ఏం తిన్నా మట్టే. అందుకే మజ్జిగన్నం తిని లేస్తాను."

"ఆ సంగతి మాకు చెప్పాల్సిందండీ."

"చెప్తే జాలిపడతారు. జాలిపడితే అన్నీ బావున్నాయంటారు. మావాడూ కోడలూ అంతే, కాయ ముట్టుకోకుండానే బావుంది నాన్నా అంటారు. మీరు మొదటి రోజే మొహమాటం లేకుండా విషంలా ఉందన్నారు. అందుకని మీకిచ్చాను."

వరండాలో నేను చూసిన గ్లాసుల సంగతి అడిగితే, గింజలు నానబెట్టినవని చెప్పారు. గుజ్జు పులిసి విడిపోవడానికి. అంతే.

అప్పుడు చెప్పేశాను. తినలేదని, పారేశానని, ఎందుకు పారేశామో కూడా చెప్పాను. మందుల కొట్టు మాట కూడా దాచలేదు. ఆయన పూర్తిగా విన్నారు. కోప్పడలేదు. "బెండకాయలు కూడానా?" అని మాత్రం అడిగారు.

"బెండకాయలు కూడానండీ."

తల ఊపి వెళ్ళిపోయారు.

పదిరోజులు ఆయన నా వైపు చూడలేదు. వీధి చివరింటికెళ్ళి, తప్పు ఆయనది కాదు నాది అని చెప్పొచ్చాను. ఆవిడ నమ్మినట్టూ కనిపించలేదు, నమ్మనట్టూ కనిపించలేదు. ఒక ఆదివారం పొద్దున చాకూ, ఉప్పూ పట్టుకుని ఆయన పెరట్లోకి వెళ్ళాను. కోసిన కాయలు చాప మీద ఉన్నాయి. "ఈసారి మీ ముందే తింటాను," అన్నాను.

ఆయన చాప మీద నాకు చోటు చూపించారు. తర్వాత ఒక్కో కాయా కోసి ఒక్కో ముక్క అందించారు. నేను చెప్పిన మాట వినడం లేదు, నా మొహం చూస్తున్నారు. మింగేదాకా చూస్తున్నారు. ఆరో ముక్క చేదు. తొమ్మిదోది ముచ్చిక దగ్గర మాత్రమే చేదు. పదకొండోది తిని చేదన్నాను. "ఎంత చేదు?" అన్నారు. "ఆరోదానంత," అన్నాను. ఆయన డైరీలో రాసుకున్నారు. చాప మీద ముక్క తీసిన కాయలు లెక్కపెట్టుకుంటే నాకర్థమైంది. పదకొండు ముక్కలు, పది కాయలే. ఆరో కాయనే మళ్ళీ ఇచ్చి నన్ను పరీక్షించారు.

నాకు కోపం రాలేదు. మంచినీళ్ళు తాగి తర్వాతి ముక్కకి చెయ్యి చాపాను.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఆ వేసవి ఏరిన గింజలే ఇప్పుడు మా పెరట్లో, వీధి చివరింటి పెరట్లో కూడా కాస్తున్నాయి. ఈ ఏప్రిల్‌లో మొదటి కాయలు కోసి పప్పు చేశాను. ఆయన్నీ పిలిచాను. రుచి ఇప్పటికీ తిరిగి రాలేదు. అయినా పప్పులో ముక్క మెత్తగా ఉడకలేదు, కాస్త కరకరలాడుతోంది, అలాగే ఉండాలి అని రెండోసారి వడ్డించుకున్నారు. మావారు మాత్రం కంచంలో ముక్కని వేలితో ఒకసారి తిప్పి చూసి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకున్నారు.