బోరుకు దావత్

మొన్న ఉప్పల్‌లో మా అపార్ట్‌మెంట్ కింద పక్క ఫ్లాటాయన పైపు పట్టుకొని, కడిగిన టైరునే మళ్లీ కడుగుతున్నాడు. నేనేమీ అడగకముందే ‘నీళ్లు వృథా కావు సార్, అన్నీ ఇంకుడు గుంతలోకే పోతాయి’ అన్నాడు. నాకు నాచారంలోని మా మామగారు కళ్లముందు నిలబడ్డారు, చేతిలో పైపుతో సహా.

అప్పట్లో ఆయన ఇంటి పైవాటాలో మేముండేవాళ్లం. అల్లుణ్ని గనక కిరాయి తీసుకునేవారు కాదు, బదులుగా సలహాలు ఇచ్చేవారు. ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. అరబకెట్టుతో స్నానం ముగించి, అందులోనూ కాస్త కరివేపాకు చెట్టుకు మిగిల్చేంత పొదుపరి. ఒక ఎండాకాలం కాలనీ సంఘంవాళ్లు వచ్చి, ఇంటింటికీ ఇంకుడు గుంత ఉండాలని, అందులో పడ్డ ప్రతి బొట్టూ తిరిగి మీ బోరుకే చేరుతుందని మంచి మనసుతో చెప్పి వెళ్లారు. మామగారు వారం తిరక్కుండా గుంత తవ్వించి, కంకర, ఇసుక పోయించారు. వాన కోసం ఎదురుచూసే ఓపిక మాత్రం లేకపోయింది. బోరు నీళ్లనే గుంతకు వదలడం మొదలుపెట్టారు. పొద్దున వాకిలి, తర్వాత స్కూటరు, సాయంత్రం ప్రహరీ గోడ. ఆ గోడకు మాకంటే ఎక్కువ స్నానాలు జరిగాయి. ‘యాడికి వోతయి అల్లుడూ? మన నీళ్లు మల్ల మన బోర్లకే గదా’ అనేవారు. నేను లెక్కల మాస్టారినే, కానీ మామగారి ముందు నా లెక్కలన్నీ గొంతులోనే ఇంకిపోయేవి.

మా పాపను తొట్టెలలో వేసే వేడుక రేపనగా, మధ్యాహ్నం మోటారు గుర్రుమంది, నల్లా గాలి దగ్గింది. తెల్లారితే నల్గొండ నుంచి అత్తగారి పుట్టింటి బలగమంతా దిగుతుంది. మొదటి మనవరాలి పండగకు వచ్చినవాళ్లకు కాళ్లు కడుక్కోను చెంబెడు నీళ్లివ్వలేకపోతే ఆవిడకు తల కొట్టేసినట్టే. అత్తగారే వచ్చి మోటారు ఆపేసి, పైపును చుట్టచుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టి మూత బిగించారు.

‘ఇన్నొద్దులు బోరుకు దావత్ ఇచ్చినవ్. రేపు సుట్టాలకేం పోస్తవ్?’

మామగారు మళ్లీ స్విచ్చు వైపు నడవబోయారు. ‘జర బోరును ఊపిరి తీసుకోనియ్యి’ అని ఆవిడ అడ్డుపడ్డారు. ఇక ఆ రోజంతా స్విచ్చు జోలికి ఎవరూ పోలేదు.

తెల్లవారుతూనే మోటారు వేస్తే ముందు గాలి, తర్వాత ఎర్రటి బురద, ఆ వెనక సన్నగా నీళ్లు. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. మామగారికి హుషారు తిరిగొచ్చింది.

‘సూసినవా, గుంత పని జేసింది.’

‘అవు, నిన్న నువ్వు జెయ్యలే గదా’ అన్నారు అత్తగారు.

తొలి బకెట్టు పాప స్నానానికే వెళ్లింది. గడవదేమోనని అందరం బెంగపడ్డ ఆ ఎండాకాలమే, గడిచిపోయిందన్న నిశ్చింత వల్లనో ఏమో, ఇన్నేళ్ల తర్వాత ఇంత చల్లగా గుర్తుకొస్తోంది.